సమస్య: పాము కుబుసమె ప్రేమకు పట్టుచీర

నిర్వాహకుడు, హన్మకొండ:
మిత్రులారా, ఈసారి సమస్యగా తేటగీతి పద్యంలో నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. మొన్న రాత్రి డేవిడ్ లించ్ ‘వైల్డ్ ఎట్ హార్ట్’ మళ్లీ చూశాను. 1990లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచిన సినిమా. పారిపోయే జంట, వెంట తరిమించే తల్లి. ఆ తల్లి లిప్‌స్టిక్ పూసుకుంటూ పూసుకుంటూ ముఖమంతా ఎర్రగా చేసుకునే చోట నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే భయమేస్తుంది. హీరో తొడుక్కునేది పాముచర్మం జాకెట్. సమస్య అక్కడే పుట్టింది. మీరు ఆ కథే రాయాలనేమీ లేదు.

సభ్యురాలు, ములుగు:

జైలు వాకిట చొక్కాయి జాన తెచ్చె
తల్లి పంపిన హంతకుల్ తరుముచుండ
కారె యిల్లయ్యె దారియే కాపురమ్ము
పాము కుబుసమె ప్రేమకు పట్టుచీర

నిర్వాహకుడు:
అమ్మా, మూడో పాదం పొద్దుటి నుంచి నోట్లో ఆడుతూనే ఉంది. యతులన్నీ, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కలవాల్సిన అక్షరాలన్నీ, కుదిరాయి. మగవాడి జాకెట్ పట్టుచీర ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. పెళ్లిలో పిల్లకు బట్టలు పెడతారు, ఇక్కడ పిల్లే బట్ట పట్టుకొని జైలు దగ్గరికి వచ్చింది. ‘తెచ్చె’ అన్న ఒక్క క్రియతో చిక్కు విడిపోయింది.

లెక్కల సార్, జనగామ:
మా బమ్మెర పోతన రుక్మిణి కూడా ఇల్లు దాటిన పిల్లే కదా.

అన్న మాటను కాదని హరిని చేరె
రుక్మిణీదేవి తేరెక్కి రువ్వె నవ్వు
భయము పొరవోలె రాలెను బ్రదుకు మారె
పాము కుబుసమె ప్రేమకు పట్టుచీర

నిర్వాహకుడు:
సార్, రుక్మిణిని తేవడం గొప్ప ఊహ. వెంటపడిన అన్న రుక్మిని కృష్ణుడు చంపబోయి, చెల్లెలు వేడుకుంటే తల గొరిగి వదిలేస్తాడు. అక్కడా నవ్వూ భయమూ ఒకే చోట ఉన్నాయి. ‘రువ్వె నవ్వు’ బాగుంది. మూడో పాదం దగ్గరే నాకు అడ్డుపడుతోంది. రాలిపోయిన పొర మళ్లీ చీర ఎట్లా అవుతుంది? ‘కుబుసమె’లోని ఎకారం, భయపెట్టేదాన్నే కట్టుకున్నారని చెప్పాలి. ఇట్లా చూడండి:

భయమె చుట్టంగ భయమునే వలువ జేసె

లెక్కల సార్:
ఒప్పుకుంటున్నాను. ‘చుట్టంగ’తో పాము నిజంగా పద్యంలోకి వచ్చింది. నా పద్యంలో నాలుగో పాదం దాకా పామే లేదు.

రైల్వే మిత్రుడు, కాజీపేట:
నాది మొదటి పాదమే కుదిరింది. జంక్షన్‌లో బండి కోసం దాక్కున్న జంట.

రైలు కూతకు గుండెలు దడదడమనె

నిర్వాహకుడు:
తమ్ముడూ, గణాలు (గురులఘువుల లెక్క) సరే, ‘రై’కి ‘ద’ యతి చెల్లదు. ‘రైలు కూతకు బెదరుచు రాత్రి వేళ’ అంటే నిలుస్తుంది. దాక్కున్నవాళ్లకు గుండె చప్పుడు కంటే చీకటే ముఖ్యం. మిగతా రెండు పాదాల్లో ఆ పిల్ల ఒంటి మీద ఏముందో చూపించు. దుప్పటా, అమ్మ పాత చీరా? అది కనిపిస్తే పద్యం అయిపోయినట్టే. ఆదివారం రాత్రి దాకా చూస్తాను.