బడి వంట ఎవరు వండాలన్న విషయంలో గ్రామ ఐక్య సంఘం తీర్మానం చేయాలా, వద్దా? (చర్చలో పాల్గొన్నవాళ్లు కలం పేర్లతో రాశారు.)

పాకాల ఒడ్డు:

నర్సంపేట వైపు ఒక ఊరి విషయం ఇది. పేరు రాయడం లేదు. అక్కడ ఇంకా కూర్చుని మాట్లాడుకునే వీలుంది, పేరు బయటపడితే ఆ వీలు పోతుంది.

ఆ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీ ఈ జూన్‌లో మాదిగవాడ పొదుపు సంఘానికి వచ్చింది. అంతకు ముందు వండినవాళ్లు నెలల తరబడి బిల్లులు రాక, కిరాణా దుకాణంలో బాకీ పెరిగి, ఇక మా వల్ల కాదని వదిలేశారు. వేరే ఏ సంఘమూ ముందుకు రాలేదు. వాడ సంఘం ఒప్పుకుంది. కొద్ది రోజులకే కొందరు పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. తర్వాత వాళ్ల తల్లులు బడికి వెళ్లి వంటమనిషిని మార్చమని అడిగారు. కారణం చెప్పమంటే ఒకరు ఉప్పు ఎక్కువన్నారు, ఇంకొకరు శుభ్రత లేదన్నారు. అదే పొయ్యి, అవే గిన్నెలు, అవే బియ్యం. మారినవి వండే చేతులే.

ఆ తల్లుల్లో చాలామంది పొదుపు సంఘాల సభ్యులు. అందుకే వాడలోని రెండు సంఘాలు, ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసి ఉండే గ్రామ ఐక్య సంఘానికి అర్జీ పెట్టాయి. ఏజెన్సీని మార్చబోమని తీర్మానం చేయాలి, పిల్లలను భోజనానికి పంపమని కార్యవర్గమే ఇంటింటికీ వెళ్లి చెప్పాలి అని అందులో అడిగారు. అధ్యక్షురాలు ఇచ్చిన జవాబు: "సంఘం పొదుపు కోసం పెట్టుకున్నది. కులం గొడవలు ఇక్కడికి తేవద్దు." వచ్చే నెల సమావేశంలో అర్జీ చర్చకు వస్తుంది.

తీర్మానం చేసి తీరాలన్నది నా మాట. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం కేసులో ఇచ్చిన ఉత్తర్వులో వంటవాళ్ల, సహాయకుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని స్పష్టంగా ఉంది. ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట మన ఊళ్ల గడప దాటలేదు. సంఘానికి బడితో పని లేదనడం కూడా కుదరదు. 2024లో ప్రభుత్వం పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి అధ్యక్షురాలు ఎవరు? గ్రామ ఐక్య సంఘం అధ్యక్షురాలే. బడి గోడలకు సున్నం వేయించే బాధ్యత ఉన్న మనిషికి, ఆ గోడల మధ్య పిల్లలు కలిసి తినడం లేదంటే పట్టదా?

లెక్కల పుస్తకం:

నేను ఇదే జిల్లాలో ఒక గ్రామ ఐక్య సంఘానికి లెక్కలు రాసే వివోఏగా పని చేస్తున్నాను. తీర్మానం వద్దంటాను. ఆ తల్లులు చేసింది తప్పే, అందులో నాకు అనుమానం లేదు. కానీ తీర్మానం తర్వాత ఏమవుతుందో లెక్క వేసి చూడండి.

పొదుపు సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచి అప్పు రావాలంటే గ్రామ ఐక్య సంఘం గ్రేడు చూస్తారు. కోపంతో నాలుగు సంఘాలు సమావేశానికి రావడం మానేస్తే, వాయిదాలు ఆపేస్తే గ్రేడు పడిపోతుంది. పడిపోయాక ముందు దెబ్బ తగిలేది ఎవరికి? భూమి ఉన్నవాళ్లు బ్యాంకులో పంట రుణం తెచ్చుకుంటారు, ఆడ్తిదారు దగ్గర చేబదులు తెచ్చుకుంటారు. గేదె కొనాలన్నా, కూతురిని నర్సింగ్‌లో చేర్చాలన్నా సంఘం అప్పు తప్ప వేరే దారి లేనిది వాడ ఆడవాళ్లకే. వాళ్ల పేరు మీద చేసిన తీర్మానం వాళ్ల చేతిలో అప్పు పుస్తకాన్నే చించేస్తుంది. తహసీల్దారు ఉన్నారు, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఉన్నారు, పోలీసులున్నారు. ఎవరి పని వాళ్లు చేయాలి.

హన్మకొండ కోర్టు:

చట్టం గురించి కొంచెం. ఒక పిల్లవాడు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవడం నేరం కాదు. కులం కారణంగా ఒకరిని పని నుంచి తీసేయమని ఒత్తిడి తేవడం వేరు. 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమలు చేసిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడమే కాదు, విధిస్తామని బెదిరించడం కూడా శిక్షార్హం. కేసు నమోదైతే డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి.

అయితే మొదటి అడుగే కేసు కావాలని నేను సలహా ఇవ్వను. కేసు వంటమనిషి భుజాల మీద పడుతుంది, వాయిదాలకు తిరగవలసింది ఆమే. సంఘం ముందుగా మాట్లాడితే ఆమె ఒంటరి కాదు. తీర్మానం కాగితం రేపు అవసరమైతే సాక్ష్యంగానూ పనికొస్తుంది.

గోదావరిఖని పాత కార్మికుడు:

లెక్కల పుస్తకం గారు డబ్బును ఒక పక్క, మర్యాదను ఒక పక్క పెట్టి రెండింటిలో ఒకటే దొరుకుతుందన్నట్టు రాశారు. ఆ రెంటినీ విడదీయకుండా పోరాడిన ఆడవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. అది అమెరికాలో జరిగింది. అమెరికా మనకెందుకని అడిగేవాళ్లుంటే, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ గురించి తెలుసుకోవాలని 1946లో అంబేడ్కర్ స్వయంగా అక్కడి నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారని గుర్తు చేస్తున్నాను.

1955 డిసెంబర్ 1న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ బస్సులో తన సీటు తెల్లవారికి ఇవ్వనన్నందుకు అరెస్టయ్యారు. ఆ రాత్రే జో యాన్ రాబిన్సన్ అనే కళాశాల అధ్యాపకురాలు వేల కరపత్రాలు అచ్చు తీయించి, తెల్లారేసరికి పంచే ఏర్పాటు చేశారు. ఆమె అక్కడి నల్లజాతి మహిళల సంఘానికి అధ్యక్షురాలు. బస్సులను బహిష్కరించమన్న పిలుపు అలా ఊరంతా పాకింది. 381 రోజులు నల్లజాతివారు బస్సు ఎక్కలేదు. కోర్టులో బస్సుల కేసు గెలిచింది కూడా నలుగురు ఆడవాళ్ల పేరు మీదే.

ఇక్కడ మనకు కావలసిన మనిషి జార్జియా గిల్మోర్. ఆమె వంటమనిషి. ఒక భోజనశాలలో వండేవారు. 1956లో మార్టిన్ లూథర్ కింగ్ మీద జరిగిన విచారణలో సాక్ష్యం చెప్పినందుకు ఆ పని పోయింది. ఆమె తన ఇంటి వంటగదిలోనే వండి అమ్మడం మొదలుపెట్టారు. తోటి ఆడవాళ్లు కేకులు, వేయించిన కోడి మాంసం, భోజనాలు తయారుచేసి అమ్మారు. వచ్చిన డబ్బును బహిష్కరణ సాగడానికి ఇచ్చారు. పనికి వెళ్లేవాళ్లను ఎక్కించుకునే కార్లకు పెట్రోలు అలాంటి చందాలతోనే పోశారు. వండిన ఆడవాళ్లలో చాలామంది తెల్లవారి ఇళ్లలో పని చేసేవారు, పేరు తెలిస్తే పని పోతుంది. అందుకే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఎక్కడి నుంచీ రాలేదనేవారు, వాళ్ల క్లబ్బుకూ ఆ పేరే పెట్టుకున్నారు. ఏ తల్లి ఎంత ఇచ్చిందో గిల్మోర్‌కు మాత్రమే తెలుసు.

చూడండి, అది కూడా పొదుపు సంఘం లాంటిదే. వాళ్లకూ బతుకు భయం ఉంది. "డబ్బు విషయం వేరు, రంగు విషయం వేరు" అని మాత్రం వాళ్లు అనలేదు.

ములుగు పంతులమ్మ:

అన్నా, మీరు చెప్పింది చదివి నాకు ఒళ్లు పులకరించింది. కానీ ఇక్కడికి అది అతకదు. మాంట్‌గోమరీ వంటగదిలో ఉన్నవాళ్లందరూ దెబ్బ తిన్నవాళ్లే. మన గ్రామ ఐక్య సంఘంలో అర్జీ పెట్టినవారూ, ఆ అర్జీ ఎవరి మీదనో వారూ ఒకే చాప మీద కూర్చుంటారు. చిన్న సంఘాలు వాడల వారీగా ఏర్పడతాయి కాబట్టి వాటిలో సాధారణంగా ఒకే కులం ఉంటుంది. కులాలు ఎదురెదురుగా కూర్చునేది గ్రామ ఐక్య సంఘంలోనే. అక్కడ తీర్మానం చేయడమంటే ఓట్లు వేయడమే. వాడ నుంచి వచ్చే ప్రతినిధులు ఎందరు, మిగతావాళ్లు ఎందరు? ఓడిపోతే? "సంఘమే వద్దంది" అన్న మాట రాతపూర్వకంగా పుస్తకంలోకి ఎక్కుతుంది. అది లెక్కల పుస్తకం గారు చెప్పిన గ్రేడు కంటే పెద్ద నష్టం.

ఇంకో సంగతి. ఆ తల్లులను దొరసానులుగా ఊహించుకోకండి. చాలా ఊళ్లలో వాళ్లు బీడీలు చుట్టేవాళ్లు, పత్తి ఏరేవాళ్లు. పెద్ద కులాల ఇళ్లలో వాళ్లకు జరిగిన అవమానాలు వాళ్లకూ గుర్తున్నాయి. వాళ్లతో మాట్లాడవలసిన తీరు వేరు. మా బడిలో ఇలాంటి గొణుగుడు వచ్చినప్పుడు ఉపాధ్యాయులమంతా డబ్బాలు తేవడం మానేసి పిల్లల వరుసలో కూర్చుని అదే అన్నం తిన్నాం. వడ్డించే ముందు ఉపాధ్యాయులు రుచి చూడాలని నిబంధన ఉండనే ఉంది. మేము చెంచాతో రుచి చూసి ఊరుకోకుండా కంచం నిండా పెట్టించుకున్నాం. తీర్మానం లేకుండానే గొణుగుడు తగ్గింది.

పాకాల ఒడ్డు:

ములుగు పంతులమ్మ గారి ప్రశ్న న్యాయమైనది. దెబ్బ తిన్నవారూ కొట్టినవారూ ఒకే సంఘంలో ఉంటే ఆ సంఘం నిలబడగలదా అన్నది. దీనికి జవాబు కోసం అంత దూరం పోనక్కర్లేదు, పాలకుర్తి చాలు. చాకలి ఐలమ్మ కౌలు చేసుకున్న భూమి మీద పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పట్టుకుపోవడానికి వచ్చినప్పుడు ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అడ్డం నిలబడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఆ సంఘంలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు, భూమి ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వెళ్లి వడ్లు మోసుకొచ్చారు. అంతే.

ఓడిపోతామన్న భయం నాకూ ఉంది. కానీ అర్జీ ఇప్పటికే పుస్తకంలో ఉంది, దాన్ని పక్కన పెట్టడమూ ఒక నిర్ణయమే. మీ బడిలో ఉపాధ్యాయులు కూర్చున్నారు కాబట్టి గొణుగుడు తగ్గింది. ఇక్కడి హెచ్‌ఎం "ఇది ఊరి విషయం" అని చేతులు దులుపుకున్నారు. ఊరు అంటే ఎవరు? సంఘంలో ఉన్న ఆ తల్లులే కదా.

వాడ నుంచి:

నేను ఆ ఊరి కోడలిని. వంట చేస్తున్న సంఘంలో మా అత్తమ్మ సభ్యురాలు. మీరందరూ మా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి మా మాట కూడా వినండి.

లెక్కల పుస్తకం గారూ, మా పేరు మీద మా అప్పు పోతుందని మీరు బాధపడుతున్నారు. మా రెండు సంఘాలు ఇప్పటివరకు ఒక్క వాయిదా తప్పలేదు. గ్రేడు నిలబడటంలో మా డబ్బు కూడా ఉంది. మేము కట్టిన పొదుపు గ్రామ ఐక్య సంఘం ఖాతాలో కలుస్తుంది, అందులోంచే వాళ్లు కూడా అప్పు తీసుకుంటారు. అప్పుడు అంటని మా చేయి అన్నం వండితే అంటుతుందా? వాయిదాలు ఆపేస్తామని బెదిరించేది వాళ్లయితే, గొడవ తెచ్చింది మేమని ఎందుకు అంటున్నారు?

మా అత్తమ్మ పొద్దున్నే లేచి బియ్యంలో రాళ్లు ఏరుతుంది. గుడ్లు ఉడికించే రోజు ఒక్కో గుడ్డునూ నీళ్లలో వేసి చూస్తుంది, తేలిన గుడ్డు పక్కన పెడుతుంది. పోయిన నెల కూరగాయలు తన చెవి కమ్మలు తాకట్టు పెట్టి తెచ్చింది, ఎందుకంటే బిల్లు రాలేదు. మిగిలిన అన్నం గంపలో ఇంటికి తెచ్చిన రోజు ఆమె ఏమీ మాట్లాడదు. వండిన అన్నం మిగలడం ఎలా ఉంటుందో వండేవాళ్లకే తెలుస్తుంది. ఒకటో తరగతి పిల్లలు మాత్రం ఇప్పటికీ రెండోసారి పెట్టించుకుని తింటున్నారు. వాళ్లకు ఇంకా ఎవరూ నేర్పలేదు.

ఒక్కటి మాత్రం వద్దు. సహపంక్తి భోజనం వద్దు. ఇదివరకు అధికారులు వచ్చి ఒకసారి పెట్టించారు. పట్నం నుంచి క్యాటరింగ్ తెప్పించారు, మా చేతి వంట కాదు. అందరూ వరుసలో కూర్చున్నారు, ఫొటోలు తీశారు, వెళ్లిపోయారు. మా పక్కన కూర్చుని వేరేవాళ్లు వండింది తింటే మాకేమి ఒరిగింది?

లెక్కల పుస్తకం:

చెల్లీ, మీ వాయిదాల సంగతి చదివాను. మీరు గొడవ తెచ్చారని నేను అనలేదు, కానీ నా మాట అలా వినిపించేలా ఉంటే ఇప్పుడే స్పష్టం చేస్తున్నాను: వాయిదా ఆపేవాళ్లదే తప్పు. అయినా నా భయం పోలేదు. తీర్మానంలో వ్యక్తుల పేర్లు రాస్తే, ఎవరెవరు బడికి వెళ్లి అడిగారో రాస్తే ఆ సంఘం రెండుగా చీలుతుంది. పేర్లు లేకుండా రాస్తే నేను అడ్డం చెప్పను. ఇంటింటికీ తిరగాలన్న మాటకు మాత్రం ఒప్పుకోను. కార్యవర్గాన్ని గుమ్మం దగ్గర అవమానిస్తే దానికి ఎవరు బాధ్యులు?

పాకాల ఒడ్డు:

వాడ గుమ్మం దగ్గర జరిగే అవమానానికి బాధ్యులెవరని ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు. కార్యవర్గం ఆ కొంచెం భరించాలి, ఇంటింటికీ వెళ్లడం నేను వదులుకోను. పేర్లు వద్దన్నది ఒప్పుకుంటాను. సమావేశంలో పెట్టడానికి ముసాయిదా ఇలా అనుకుంటున్నాను: మధ్యాహ్న భోజన ఏజెన్సీని కులం కారణంగా మార్చరాదు. శుభ్రత మీద ఫిర్యాదు ఉంటే రాతపూర్వకంగా ఇవ్వాలి, తల్లులూ ఉపాధ్యాయులూ కలిసి వంటగదికి వెళ్లి చూడాలి. బడిలో పిల్లలున్న కార్యవర్గ సభ్యులు ముందుగా తమ పిల్లలను భోజనానికి పంపాలి. ఈ విషయంలో ఏ వైపువారి అప్పునూ, వాయిదానూ కలపరాదు. దళిత మహిళలకు సంఘం అండగా ఉంటుందని మొదట్లో ఒక వాక్యం.

హన్మకొండ కోర్టు:

బాగుంది. తేదీ, హాజరైనవారి సంతకాలు ఉండాలి. ఒక నకలు హెచ్‌ఎంకు, ఒకటి ఎంఈఓకు ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి. నెలాఖరున పౌర హక్కుల దినానికి అధికారులు ఊరికి వస్తే అప్పుడు కూడా చదివి వినిపించండి.

వాడ నుంచి:

అండగా ఉంటామన్న వాక్యం తీసేయండి. మేము ఆసరా అడగలేదు, పని చేసుకోనివ్వమన్నాం. దాని బదులు ఇంకొకటి రాయండి: పెండింగ్ బిల్లుల కోసం మండలానికి వెళ్లేటప్పుడు మా అత్తమ్మ ఒక్కతే వెళ్లకూడదు, అధ్యక్షురాలు కూడా వెంట రావాలి. బిల్లు రాకపోతే ఈ తీర్మానం ఎంత బాగా రాసినా పొయ్యి మీద కూర ఉండదు. అధ్యక్షురాలు ఇక్కడ రాసినవి చదువుతున్నారని నాకు తెలుసు. అక్కా, బియ్యం ఈ శనివారం దిగుతాయి. తూకం దగ్గరకు మీరు రండి.