పాత ల్యాప్‌టాప్ అమ్ముతున్నాను, కొనేవాళ్లను ఎక్కడ కలవాలి?

ప్రశ్న (మియాపూర్):
నాలుగేళ్లు వాడిన ల్యాప్‌టాప్ 22 వేలకు ఆన్‌లైన్‌లో పెట్టాను. కొంటానన్న అతను రాత్రి తొమ్మిదికి మా రూమ్‌కే వస్తానంటున్నాడు. రూమ్‌లో ఉండేది నేనూ, మా చెల్లీ. అడ్రస్ ఇవ్వాలంటే భయం, ఇవ్వనంటే బేరం పోతుందేమోనని టెన్షన్. డబ్బు యూపీఐలో పంపిస్తాడట. ఏం చేయమంటారు?

జవాబు 1:
అడ్రస్ మాత్రం ఇవ్వకండి అక్కా. పగటిపూట మియాపూర్ మెట్రో స్టేషన్‌కి రమ్మనండి, కెమెరాలుంటాయి, సెక్యూరిటీ ఉంటారు. నిజంగా కొనేవాడైతే అక్కడికి రావడానికి పేచీ పెట్టడు. తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి. చార్జింగ్ ఫుల్‌గా పెట్టుకుని వెళ్లండి, లేదంటే ప్లగ్ లేదు కదా మీ ఇంట్లో ఆన్ చేసి చూద్దాం అంటారు.

జవాబు 2:
నేను మోసపోయాను కాబట్టి చెప్తున్నా. పోయిన ఏడాది ఫోన్ అమ్మితే, వచ్చినవాడు బైక్ ఇంజిన్ కూడా ఆపకుండా తన ఫోన్‌లో ఆకుపచ్చ టిక్ చూపించి, సర్వర్ స్లోగా ఉంది, పది నిమిషాల్లో పడిపోతాయి అన్నాడు. 14 వేలు ఇప్పటికీ పడలేదు. ఆ స్క్రీన్ మీద ఉన్నది యాడ్‌లో నేను పెట్టుకున్న ముద్దుపేరు, బ్యాంకులో ఉన్న పేరు కాదు, అది నాకు ఇంటికొచ్చాక వెలిగింది. అలాంటి దొంగ స్క్రీన్లు చూపించే యాప్‌లే ఉన్నాయట. వాళ్ల ఫోన్ చూడొద్దు, మెసేజ్ వచ్చినా నమ్మొద్దు, మీ బ్యాంక్ యాప్ తెరిచి బ్యాలెన్స్ పెరిగిందని చూసుకున్నాకే వస్తువు చేతికివ్వండి. పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చి, సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఐఎంఈఐ (ఫోన్‌కి ఉండే ప్రత్యేక నంబర్) బ్లాక్ చేయించాను, ఫోన్ మాత్రం దొరకలేదు.

జవాబు 3:
ఇంకోటి, డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. క్యూఆర్ పంపి స్కాన్ చేయమన్నా, ఆర్మీలో ఉన్నాను ట్రాన్స్‌ఫర్ అయింది అని కబుర్లు చెప్పినా అక్కడితో ఆపేయండి. పొరపాటున డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ల్యాప్‌టాప్‌లో ఫొటోలు, ఫైళ్లు తీసుకున్నాక అకౌంట్లన్నీ లాగౌట్ చేసి పూర్తిగా రీసెట్ కొట్టండి, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌ల సంగతి చాలామంది మర్చిపోతారు. సీరియల్ నంబర్, తేదీ రాసిన కాగితం మీద అతని సంతకం తీసుకుని ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండి. రేపు పదకొండుకి మెట్రో దగ్గర అని మెసేజ్ పెడితే, అంత దూరం రాలేను, రూమ్ అయితేనే వస్తానన్నాడు. రూమ్‌కి వస్తే దూరం కాదట! వద్దని చెప్పేశాను. ఇంకొకామె అడిగారు, ఆమె స్టేషన్‌కే వస్తానన్నారు, మా బాబాయిని తోడు రమ్మన్నాను.