మస్టర్‌లో, అంటే గని హాజరు పుస్తకంలో, పేరు లేని గని ఆడవాళ్ళకు దుమ్ము జబ్బు పరిహారం ఇవ్వాలా, వద్దా? మీరేమంటారు?

సైదాపురం మనవరాలు:

మా అవ్వ పద్దెనిమిదేళ్ళు మైకా (అభ్రకం) పని చేసింది. చేసిందనడానికి నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు.

మాది నెల్లూరు జిల్లా మైకా గనుల నేల. ఎండ పడితే మా వైపు కాలిబాటలు ఇప్పటికీ తళతళమంటాయి. మగవాళ్ళు గుంటలోంచి దిమ్మలు పైకి చేరిస్తే, షెడ్డులో ఆడవాళ్ళు మట్టి దులిపి, అంచులు కత్తిరించి, కత్తిమొనతో పలకలు చీల్చేవాళ్ళు. అవ్వ ఎడమ బొటనవేలి మీద సన్నటి గాట్లు ఉండేవి. స్కేలు మీద గీతల్లాగా ఒకదాని పక్కన ఒకటి. పలకను ఆపి పట్టేది ఆ వేలే. చిన్నప్పుడు నేను వాటిని లెక్కపెట్టేదాన్ని, ఎప్పుడూ లెక్క తప్పేది.

కూలి తూకాన్ని బట్టి ఇచ్చేవాళ్ళు. శనివారం బట్వాడా. మేస్త్రీ పుస్తకంలో ఉన్నది మా తాత పేరు. అవ్వ చీల్చిన తూకం కూడా ఆ పేరు కిందే పడేది, డబ్బూ ఆయన చేతికే ఇచ్చేవాళ్ళు. అక్కడినుంచి సారా కొట్టు ఎంత దూరమో మీకు చెప్పనక్కర్లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడినప్పుడు అవ్వ అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటాం: "కొట్టు మూస్తే సగం పనే అయింది. కూలి మా చేతికిచ్చి ఉంటే ఆ సగం ఎప్పుడో అయ్యేది."

ఆఖరి ఆరేళ్ళు దగ్గుతోనే గడిపింది. టీబీ అని రెండు కోర్సుల మందులు మింగించారు. చివరికి ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇది రాతి దుమ్ము జబ్బు, సిలికోసిస్ అన్నాడు. పరిహారం సంగతి అడగడానికి వెళ్తే, పని చేసినట్టు రుజువేదమ్మా అన్నారు. తాత పేరున్న పుస్తకమూ లేదు, ఆ గనీ లేదు.

రాజస్థాన్ 2019లో ఈ జబ్బువాళ్ళ కోసం ఒక పాలసీ తెచ్చింది. మెడికల్ బోర్డు జబ్బు ఉందని తేలిస్తే 3 లక్షలు, మనిషి పోతే ఇంకో 2 లక్షలు. అక్కడ ఇవ్వగలిగింది ఇక్కడ ఎందుకు ఇవ్వలేరు? మస్టర్ లేకపోయినా, పక్కన కూర్చొని పనిచేసినవాళ్ళ మాటను రుజువుగా తీసుకోవాలని నేనంటాను.

నిమ్మతోట:

అమ్మాయీ, మీ అవ్వ సంగతి చదివి బాధేసింది. మాదీ ఆ పక్క ఊరే. కానీ మాట సాక్ష్యం అనేసరికి ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. ఒక ఏడాది పంట నష్టం రాసేటప్పుడు చెట్టు లేనివాడు కూడా తోట పోయిందని రాయించుకున్నాడు. నిజంగా నష్టపోయినవాళ్ళ ఫైళ్ళు ఆ రద్దీలో కింద పడిపోయాయి. ఇద్దరు సంతకం పెడితే చాలు అంటే, వారంలో బ్రోకర్లు దిగుతారు. సంతకానికి ఇంత, ఎక్స్‌రేకి ఇంత.

ఇంకోటి, ఎవరివ్వాలి? రేడియోల్లో వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చినప్పుడే మైకా గిరాకీ పడిపోయింది. యజమానులు పోయారు, కంపెనీలు పోయాయి. ఉద్యోగుల పరిహార చట్టం 1923 నాటిది, 2025లో దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. రెండింటిలోనూ ఈ జబ్బు ఉంది, నిజమే. కానీ దేని కింద అడగాలన్నా యజమాని ఎవరో చూపించాలి కదా.

కొత్తగూడెం కోడలు:

నా పుట్టిల్లు మైకా వైపు రాపూరు, మెట్టినిల్లు సింగరేణి బొగ్గు గనుల క్వార్టర్స్. రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి చెప్తున్నా.

బొగ్గులో కాగితం ఉంది. ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1948లోనే వచ్చింది. అయినా ఆడవాళ్ళకు న్యాయం దానంతటదే నడిచి రాలేదు. మా వీధిలో కార్మికుడు పోతే, ఆ ఉద్యోగం ఇవ్వడానికి అందరూ ముందు అడిగేది కొడుకు ఉన్నాడా అని, లేకపోతే అల్లుడు. కూతురు ఎదురుగా కూర్చొని ఉన్నా ఆమెను చూసి అడగరు. పెళ్ళయిందన్న ఒక్క కారణంతో కూతురిని కారుణ్య నియామకానికి పనికిరాదనడం చెల్లదని కలకత్తా హైకోర్టు 2017లో చెప్పింది. అది చెప్పించుకోవడానికి ఆ కూతుళ్ళు ఎన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారో ఆలోచించండి. కోల్ ఇండియాలో అయితే, ఆడమనిషి ముందుగా రిటైరైతే కొడుక్కి ఉద్యోగం అనే పథకం కూడా నడిచింది. ఆమె ఉద్యోగం ఆమెది కాదు, ఇంటిది అన్నట్టు.

కాగితం ఉన్నచోటే ఇలా ఉంటే, కాగితం లేనిచోట "రుజువు తెండి" అనడం ఏం న్యాయం? పుస్తకం రాసింది ఆమె కాదు. రాయనివాడి తప్పుకు ఆమెకు శిక్ష వేస్తున్నారు.

పాత యూనియన్ మనిషి:

ఇక్కడ ఎవరూ అనలేదు గానీ, బయట చాలామంది అనే మాట ఒకటుంది: ఆడవాళ్ళను గనిలోకి దించకుండా చట్టం కాపాడింది కదా అని. అది సగం నిజం.

మన దేశంలో బొగ్గు గనుల్లో భార్యాభర్తలు జంటగా దిగేవాళ్ళు. ఆయన తవ్వితే ఆమె తట్టల్లో మోసేది. 1929 నిబంధనలతో ఆడవాళ్ళను భూగర్భం నుంచి దశలవారీగా తప్పించడం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు అవసరం పడగానే 1943లో ఆ నిషేధాన్ని సడలించారు, 1946లో మళ్ళీ పెట్టారు. అవసరమైనప్పుడు దిగమన్నారు, తీరాక వద్దన్నారు. వాళ్ళ ఆరోగ్యమే లెక్కయితే యుద్ధం వచ్చినప్పుడు అది ఎటు పోయింది? 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆ నిషేధాన్ని కొనసాగించింది. 2019లో గానీ సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు భూగర్భం తలుపు తెరవలేదు. 2021లో జార్ఖండ్‌లోని చూరి గనిలో ఒక మహిళా ఇంజనీరు చేరితే పేపర్లన్నీ రాశాయి. మంచిదే. కానీ తట్ట మోసిన ఆడవాళ్ళ మునిమనవరాళ్ళకు ఆ డిగ్రీలు ఎక్కడున్నాయి?

నిషేధం పైకి పంపింది, పైన మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. మైకా షెడ్డులో జరిగింది కూడా ఇదే. 1946లో మైకా కార్మికుల సంక్షేమ నిధికి చట్టం వచ్చింది, ఎగుమతి మీద సెస్సు వసూలు చేశారు. ఆ సెస్సు కట్టిన ప్రతి పలకా ఒక ఆడమనిషి బొటనవేలి కింద నుంచి పోయిందే.

కావలి ఎక్స్‌రే:

ఇరవై ఏళ్ళుగా ఛాతీ ఫిల్ములు తీస్తున్నాను. నిర్ధారించేది డాక్టర్లే, నేను చూసింది చెప్తాను. సిలికోసిస్‌లో ఊపిరితిత్తుల పైభాగంలో చిన్న చిన్న తెల్లచుక్కలు కనిపిస్తాయి. టీబీ కూడా ఎక్కువగా పైభాగంలోనే మొదలవుతుంది. అందుకే ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటారు. రెండూ కలిసి రావడం కూడా మామూలే, సిలికా పేరుకున్న ఊపిరితిత్తికి టీబీ తొందరగా అంటుకుంటుంది. పేషెంటును ఏం పని చేశావని అడిగే తీరిక ఓపీలో ఎవరికీ ఉండదు.

మైకా విడిగా దొరకదు. తెల్లరాయిలో, అదే క్వార్ట్జ్‌లో ఇరుక్కొని ఉంటుంది. జబ్బు తెచ్చేది ఆ తెల్లరాయి దుమ్ము. కాబట్టి షెడ్డు గుంటకు ఎంత దగ్గరగా ఉండేది, పక్కనే రాయి కొట్టేవాళ్ళా అనేది అడిగి తెలుసుకోవాలి. దూరంగా కూర్చొని పలకలు మాత్రమే చీల్చినవాళ్ళకు బోర్డు సర్టిఫికెట్ రాకపోవచ్చు. అది ముందే చెప్పాలి, ఆశపెట్టకూడదు.

మార్కాపురం పలక:

మా దగ్గర బడిపిల్లలు రాసుకునే రాతి పలకల పనిలోనూ ఇదే కథ. రాయి కోసే దుమ్ములో ఆడవాళ్ళు పమిట ముక్కుకు కట్టుకొని కూర్చుంటారు. వీళ్ళను కూడా కలపండి.

నిమ్మతోట:

కొత్తగూడెం అక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటాను. కానీ బ్రోకర్ల భయం ఊరికే అనలేదు. ఇంగ్లండ్‌లో 1998లో హైకోర్టు బొగ్గు సంస్థదే నిర్లక్ష్యం అని తేల్చాక, ఊపిరితిత్తుల జబ్బు గని కార్మికులకు, వాళ్ళ వితంతువులకు పెద్ద పరిహార పథకం పెట్టారు. అందులో కొంతమంది లాయర్లు ఆ ముసలివాళ్ళ డబ్బులోంచే కోత కోసుకొని దొరికిపోయారు. అంత పకడ్బందీ దేశంలోనే అలా జరిగితే మన మండలాఫీసు దగ్గర సంగతేంటి?

సైదాపురం మనవరాలు:

పెద్దాయన భయాన్ని కొట్టిపారేయను. రెండు రోజులు ఆలోచించి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. మాట సాక్ష్యం ఒక్కటే చాలదు. ముందు బోర్డు చూసే ఎక్స్‌రే. తర్వాత, ఆ కాలంలో ఆ ఊళ్ళోనే ఉన్నట్టు ఓటరు జాబితానో రేషన్ కార్డో. ఆ పైన, అదే షెడ్డులో పనిచేసిన ఇద్దరిని విడివిడిగా కూర్చోబెట్టి అడగాలి. కాటా ఎటు వైపు ఉండేది, మేస్త్రీ ఎక్కడ కూర్చునేవాడు, బట్వాడా ఏ చెట్టు కింద. బ్రోకరు సంతకం నేర్పగలడు గానీ ఇవన్నీ నేర్పలేడు. డబ్బు ఆమె పేరు మీదున్న ఖాతాలోనే పడాలి. దీని మీద మాత్రం బేరం లేదు.

ఎవరివ్వాలి అన్నారు. ఆ పాత గనుల నేలలోనే ఇప్పుడు తెల్లరాయి తవ్వి లారీల్లో పంపుతున్నారు, మీరూ చూస్తున్నారు. 2015 నుంచి లీజుదారులు రాయల్టీకి తోడు జిల్లా ఖనిజ నిధికి కొంత కట్టాలి. ఆ నిధిని ముందుగా ఖర్చు పెట్టాల్సిన వాటిలో వైద్యం ఉంది, ఆడవాళ్ళ, వృద్ధుల సంక్షేమం ఉంది. అవ్వ ఊపిరితిత్తిలో ఉన్నదీ ఆ తెల్లరాయే. యజమాని పోయాడు గానీ రాయి ఇంకా అమ్ముడుపోతోంది.

కావలి అన్నా, మీరు చెప్పినట్టు అందరికీ రాదు, తెలుసు. చనిపోయినవాళ్ళ సంగతి ఎలాగో కూడా నాకు తేలలేదు. అవ్వ ఫిల్మ్ ట్రంకుపెట్టెలో చీరల మధ్య పెట్టి ఉంది. నిన్న కిటికీకి ఎదురుగా పట్టి చూశాను, చుక్కలు కనిపిస్తూనే ఉన్నాయి. బోర్డు పాత ఫిల్మ్ తీసుకుంటుందో లేదో అడుగుతాను.

వచ్చే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు వెళ్తున్నాం. అవ్వ పక్కన కూర్చొని పలకలు చీల్చిన ఇద్దరు వస్తున్నారు. ఒకామెకు ఎనభై దాటాయి. అర్జీలో మొగుడి పేరు పక్కన కాకుండా తన పేరు విడిగా రాయమంది. కలిచేడు, తలుపూరు వైపు ఇంకెవరైనా ఉంటే శనివారం లోపల చెప్పండి, ఆటో మాట్లాడాలి.