అప్‌డేట్: వేడెక్కితే మొరాయించే సెల్ఫ్, ఇప్పుడు దారికొచ్చింది

ఇంజిన్ వేడెక్కాక తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క శబ్దం తప్ప సెల్ఫ్ (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) తిరగట్లేదని అడిగాను కదా, ఆ పాత డీజిల్ లారీ సంగతి. రెండు బ్యాటరీలూ బాగానే ఉన్నాయి, 24 వోల్టుల బండి, స్టార్ట్ చేయకుండా చూస్తే మీటరు 25.2 చూపించింది. సెల్ఫ్ మోటారే మార్చేయమని చాలామంది అన్నారు. ఒకాయన మాత్రం ముందు ఎర్త్ వైపు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్లే దారిలో, వోల్టేజ్ డ్రాప్ (ఎంత వోల్టేజ్ పోతోందో) చూడమన్నారు. ఆయనకు దండం పెట్టాలి.

మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది సెల్ఫ్ బాడీ మీద పెట్టి క్లీనర్‌ని తాళం తిప్పమన్నాను. అర వోల్టు దాటకూడని చోట మూడు దాటింది! ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఎర్త్ పట్టీ విప్పితే బోల్టు కింద పెయింటు, దాని కింద తుప్పు. అల్లిన రాగి తీగలు సగం పచ్చబడి చివికిపోయాయి. అక్కడ పెయింటు కొట్టిన మహానుభావుడెవరో మరి. ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త పట్టీ వేశాం.

సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్, అదే సాలినాయిడ్, దాని మూత తీస్తే లోపలి రాగి కాంటాక్టులు కూడా కాలి గుంటలు పడ్డాయి. ఆటోనగర్‌లో అవీ, పనిలో పనిగా మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లూ మార్పించాను. ఇప్పుడు లోడుతో వచ్చి, ఎండలో ఆపి, వెంటనే కొట్టినా అందుకుంటోంది.

మీరూ విప్పేటట్టయితే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఆ లావు కేబుల్‌కి స్పానర్ తగిలిందంటే నిప్పులే.