హోమర్ కావ్యాల్లో అనాగరికులు ఎవరు?

ప్రశ్న:
గ్రీకులు తమ భాష రానివారందరినీ బర్బరులనేవారని చదివి, ఆ దృష్టితోనే, గ్రీకులకూ ట్రాయ్ వారికీ జరిగిన యుద్ధాన్ని చెప్పే ఇలియడ్ తెరిచాను. అందులో ట్రాయ్ వారు గ్రీకుల దేవతలనే కొలుస్తారు, దుబాసీ లేకుండానే వారితో మాట్లాడతారు. ట్రాయ్ యువరాజు హెక్టర్ అయితే చాలామంది గ్రీకు వీరులకన్నా మర్యాదస్తుడు. మరి హోమర్ దృష్టిలో అనాగరికత ఎక్కడ మొదలవుతుంది?

సమాధానం 1:
'బర్బరుడు' అన్న మాట హోమర్‌లో విడిగా లేదు. ఇలియడ్ రెండో సర్గలో ట్రాయ్ పక్షాన పోరాడే కేరియన్లను 'బర్బర భాషణులు' అనే సమాసం ఒక్కటే ఉంది. గ్రీకులకే అప్పటికి ఉమ్మడి పేరు స్థిరపడలేదు గనుక ఇతరులకూ పేరు పడలేదని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే వివరించాడు. గ్రీకులు పర్షియాతో చేసిన యుద్ధాల తరువాతే ఆ మాటలో తిరస్కారం చేరింది. క్రీ.పూ. 472లో ప్రదర్శించిన గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ నాటకం 'పర్షియన్లు'లో పర్షియన్ వార్తాహరుడే తమ సేనను బర్బర సేన అంటాడు, వింతగా లేదూ!

సమాధానం 2:
మీరు హోమర్ మరో కావ్యం ఒడిస్సీలో తొమ్మిదో సర్గ చూడాలి. అందులోని ఒంటికన్ను రాక్షసులు సైక్లోప్స్ దున్నరు, నాటరు, ఓడలు కట్టరు, సభ కూడరు. ఎవరి గుహలో వారు భార్యాబిడ్డలకు తామే శాసనం. అతిథులను కాపాడే దేవరాజు జ్యూస్‌ను లెక్కచేయనన్న, వారిలో ఒకడైన పాలిఫీమస్ ఆరుగురిని తినేస్తాడు, ఒక వంతుకు ఇరవై వంతుల నీరు కలపవలసిన ద్రాక్షమద్యాన్ని చుక్క నీరైనా లేకుండా తాగి పడిపోతాడు. అయినా మేకలను, గొర్రెలను వరుసగా పితికి, పిల్లలను తల్లుల కిందికి వదిలి, సగం పాలు విరగ్గొట్టి అల్లిన బుట్టల్లో పెట్టే అతడి పనితనం ఏ గృహస్థుకూ తీసిపోదు. పైగా ఈ కథంతా కావ్యనాయకుడు ఒడిస్యూస్ నోటి సాక్ష్యం. పిలవకుండా గుహలో చొరబడి యజమాని చీజ్ తిన్నది అతడే. అంతకుముందు ఇస్మారస్ పట్టణాన్ని కొల్లగొట్టి, మగవారిని చంపి, ఆడవారిని పంచుకున్నదీ అతడి దండే.

ప్రశ్న అడిగినవారు:
అంటే ఆతిథ్యధర్మమే కొలబద్ద అనుకుంటే, ఇలియడ్‌లోని గ్రీకు వీరుడు అకిలీస్‌ను ఏ వైపు ఉంచాలి?

సమాధానం 3:
రెండు వైపులా ఉంచాలనే నా అభిప్రాయం. చనిపోతున్న హెక్టర్‌తో, నీ మాంసాన్ని పచ్చిగా తినే కసి నాకుంటే బాగుండుననే అకిలీస్, హెక్టర్ చంపిన తన స్నేహితుడు ప్యాట్రోక్లస్ చితి దగ్గర 12 మంది ట్రాయ్ యువకులను బలి ఇస్తాడు. చివరి సర్గలో మాత్రం, కొడుకు హెక్టర్ శవం కోసం వచ్చిన ట్రాయ్ రాజు ప్రియామ్‌కు గొర్రెను కాల్చి వడ్డించి, పక్క వేయిస్తాడు. అయితే శవాన్ని మాత్రం ముసలాయన కంట పడకుండా కడిగిస్తాడు. చూస్తే ఆయన కోపం ఆపుకోలేడేమో, అప్పుడు తాను ఆయనను చంపేస్తానేమోనన్న భయం అకిలీస్‌దే.