టీవీ షాపింగ్‌లో వాచీల అమ్మకం: బేరమా, బురిడీయా?

దిల్‌సుఖ్‌నగర్ వాసి (చర్చ మొదలుపెట్టినవారు):

మధ్యాహ్నం సీరియల్స్ మధ్యలో వచ్చే ఆ అరగంట వాచీల ప్రోగ్రాం గురించి అడుగుతున్నాను. ఎమ్మార్పీ రూ.7,999 అని వేస్తారు, ఎర్ర గీతతో కొట్టేస్తారు, "ఈరోజుకి మాత్రం రూ.1,499" అంటారు. మూలన "మిగిలినవి 12" అని అంకె తగ్గుతూ ఉంటుంది. యాంకరమ్మ ఊపిరి పీల్చుకోకుండా "లైన్లన్నీ బిజీగా ఉన్నాయి, ట్రై చేస్తూనే ఉండండి" అంటుంది. దీన్ని మార్కెటింగ్ అనాలా, మోసం అనాలా?

నేనైతే మోసమే అంటాను. వాచీ నాసిరకం అని కాదు. పదిహేను వందలు పెడితే పదిహేను వందల వాచీ వస్తే నాకే గొడవా లేదు. నా గొడవంతా ఆ కొట్టేసిన అంకెతోనే. ఆ వాచీని ఎవరైనా, ఏ ఊళ్లోనైనా, రూ.7,999 పెట్టి కొన్నారా? ఎమ్మార్పీ కంటే ఎక్కువకి అమ్మితే తూనికలు, కొలతల శాఖ వాళ్ళు కేసు రాస్తారు. అసలు ఎమ్మార్పీ ఎంత ఉండాలి అంటే మాత్రం వాచీల్లాంటి వాటికి అడిగేవాడు లేడు. తయారు చేసినవాడో దిగుమతి చేసుకున్నవాడో ఎంత వేస్తే అంత. కొనేవాడిని కాపాడటానికి పెట్టిన అంకెనే వీళ్ళు ఎర చేసుకున్నారు.

కాంబోలైతే ఇంకా దారుణం. జంట వాచీలు, కళ్ళజోడు, పర్సు, బెల్టు, ఒక్కోదానికి ఒక్కో ఎమ్మార్పీ వేసి, అన్నీ కూడి "మొత్తం విలువ పన్నెండు వేలు" అంటారు. ఆ కళ్ళజోడు కోఠి ఫుట్‌పాత్ మీద ఎంతకి దొరుకుతుందో అందరికీ తెలుసు.

కూకట్‌పల్లి వ్యాపారి:

అన్నా, మీరు హైదరాబాద్‌లోనే ఉంటున్నారా? ఆషాఢం వస్తే అమీర్‌పేట నుంచి చందానగర్ దాకా ప్రతి బట్టల షాపు మీద "ఫ్లాట్ 50" బోర్డే కదా. సుల్తాన్ బజార్‌లో ఎనిమిది వందలు చెప్పి రెండొందల యాభైకి ఇస్తే ఇంటికెళ్ళి గొప్పగా చెప్పుకుంటాం. అక్కడ బేరం, టీవీలో అయితే మోసమా?

నాది రెడీమేడ్ షాపు. పైన ఒక రేటు లేకపోతే కస్టమర్ కింద రేటును నమ్మడు. తగ్గించానంటేనే కొంటాడు. ఉన్న రేటే నిజాయితీగా చెప్తే "ఫిక్స్‌డ్ రేటా?" అని వెళ్ళిపోతాడు. ఈ అలవాటు టీవీవాళ్ళు నేర్పింది కాదు.

ఇంకో మాట. మన సిటీలో అడుగుకో వాచీ షోరూమ్ ఉంది. జిల్లాల్లో, మండలాల్లో ఉన్నవాళ్ళకి నాలుగు మోడల్స్ కళ్ళతో చూసే అవకాశం టీవీయే ఇచ్చింది. వస్తువు ఇంటికొచ్చాకే డబ్బు కడతారు. ఇంతకంటే ఏం కావాలి?

దిల్‌సుఖ్‌నగర్ వాసి:

సుల్తాన్ బజార్‌లో వస్తువు నా చేతిలో ఉంటుంది, పక్క షాపు రెండడుగుల దూరంలో ఉంటుంది. నేను లేచి వెళ్ళబోతే ఆయనే వెనక్కి పిలుస్తాడు. అక్కడ ఇద్దరికీ ఆట తెలుసు. టీవీలో ఆ పక్క షాపు లేకుండా చేయడానికే గడియారం పెట్టి తరుముతున్నారు. ఇంటికొచ్చాక డబ్బు కట్టేది నిజమే, కానీ చాలాచోట్ల పెట్టె విప్పి చూడనివ్వరు. ముందు డబ్బు, తర్వాతే పెట్టె.

కోఠి వాచీ మెకానిక్:

నా దగ్గరికి రిపేరుకి వచ్చేవాటిలో ఈ టీవీ వాచీలు చాలానే ఉంటాయి కాబట్టి లోపల ఏముంటుందో చెప్తాను.

ఎక్కువ భాగం క్వార్ట్జ్ మిషన్లే. సెల్ వేస్తే లోపలి స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, ఆ లెక్క మీదే ముల్లు కదులుతుంది. మామూలు మిషన్ కూడా నెలకు ఓ 20 సెకన్లకు మించి తేడా చూపించదు. చావీ ఇచ్చేదో, చేతి కదలికకే చావీ పడే ఆటోమేటిక్కో అయితే లక్ష పెట్టి కొన్నా రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ పోతుంది. కాబట్టి "అత్యంత కచ్చితమైన టైము" అని టీవీలో చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే బస్టాండ్ దగ్గర రెండొందలకి అమ్మే వాచీలో కూడా ఆ కచ్చితత్వమే ఉంటుంది. "జపాన్ మూవ్‌మెంట్" అన్నా అంతే. నిజంగా జపాన్ కంపెనీ మిషనే కావచ్చు, కానీ టోకున కొంటే అది చాలా చవక. దాని వల్ల వాచీకి ఏడెనిమిది వేల విలువ రాదు.

అసలు కిటుకులు వేరేచోట ఉంటాయి. డయల్ మీద మూడు చిన్న డయల్స్ కనిపిస్తాయి, స్టాప్‌వాచ్ అనుకుంటాం. చాలావాటిలో ఆ చిన్న ముళ్ళు అతికించినవే, ఎప్పటికీ కదలవు. పక్కనున్న బటన్లు అలంకారానికి. వెనక "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని చెక్కి ఉంటుంది. స్టీలు ఆ మూత ఒక్కటే, చుట్టూ ఉన్న బాడీ వేరే లోహం, పైన పూత. చెమట ఎక్కువ పట్టే చేతికైతే ఒక ఎండాకాలానికే ఆ బంగారు రంగు పోయి తెల్లగా తేలుతుంది. "30 మీటర్ల వాటర్ రెసిస్టెంట్" అంటే ముప్పై మీటర్ల లోతుకి దూకమని కాదు. చేతులు కడుక్కున్నప్పుడు నాలుగు చుక్కలు పడితే తట్టుకుంటుందని. యాంకర్ దాన్ని గాజు గ్లాసు నీళ్ళలో ముంచి చూపిస్తుంది చూడండి, నాకు ఆ సీన్ చూస్తే నవ్వొస్తుంది. కొత్త వాచీని గ్లాసులో నిమిషం ముంచితే ఏమీ కాదు. రెండుసార్లు సెల్ మార్చి, లోపలి రబ్బరు రింగు గట్టిపడ్డాక ముంచమనండి.

అన్నీ చెత్త అని నేను అనను. కొన్నిటి మిషన్ బాగానే ఉంటుంది, చైను మాత్రమే పాడైపోయి వస్తాయి.

డాలస్ తెలుగువాడు:

మాది ముషీరాబాద్, ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్నాను. ఈ విద్య పుట్టిందే ఇక్కడ కాబట్టి రెండు ముక్కలు. హోమ్ షాపింగ్ నెట్‌వర్క్ 1982లో ఫ్లోరిడాలో మొదలైంది, క్యూవీసీ అనే మరో షాపింగ్ చానల్ 1986లో. ఇక్కడ వాచీలకే గంటలకు గంటలు షోలు నడిచాయి. ఇన్విక్టా అనే బ్రాండ్ బాగా పేరు తెచ్చుకుంది ఇలాంటి షోల వల్లే. రిటైల్ ధర అని పెద్ద అంకె, అమ్మే ధర అందులో చిన్న భాగం. వాచీల పిచ్చి ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకుంటూనే ఉన్నారు.

తమాషా ఏంటంటే, అదే బ్రాండ్‌లో ప్రో డైవర్ అనే ఆటోమేటిక్ మోడల్ ఉంది. లోపల సీకో వాళ్ళ ఎన్‌హెచ్35 మిషన్. ఆ డబ్బుకి అలాంటి ఆటోమేటిక్ దొరకడం కష్టమని, బ్రాండ్‌ని తిట్టేవాళ్ళు కూడా ఒప్పుకుంటారు. వస్తువు మంచిదే, ధర చుట్టూ అల్లిన కథ మాత్రం అబద్ధం. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాల్లో ఒకటి స్పష్టంగా ఉంది: నిజంగా ఆ ధరకు అమ్మకానికి పెట్టకుండా, తగ్గించినట్టు చూపడానికే ఒక పాత ధరను సృష్టిస్తే అది మోసపూరితమైన ధర. రాసి ఉండటం వేరు, అమలు వేరు, అది మీకు చెప్పక్కర్లేదు.

స్విస్ మాట వినిపించినా జాగ్రత్త. డయల్ మీద "స్విస్ మేడ్" అని వేయాలంటే అక్కడి నిబంధన ప్రకారం, 2017 నుంచి తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లోనే అయి ఉండాలి. మిషన్‌ని కేసులో బిగించడం, చివరి తనిఖీ అక్కడే జరగాలి. "స్విస్ మూవ్‌మెంట్" అని మాత్రమే అంటే, మిషన్ తప్ప మిగతాదంతా ఎక్కడైనా చేసి ఉండొచ్చు.

ఒకప్పటి టెలికాలర్:

పేరు చెప్పను, కంపెనీ పేరూ చెప్పను. మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్‌లో ఇలాంటి ఆర్డర్లు తీసుకునేదాన్ని.

తెర మీద తగ్గే అంకెకీ మా సిస్టంలో కనిపించే స్టాకుకీ ఏ సంబంధమూ ఉండేది కాదు. ఉండటానికి అది లైవ్ కాదు కదా, రికార్డు చేసిన వీడియో. అదే అరగంట వేరే రోజు, వేరే టైంలో మళ్ళీ వేస్తే అంకె మళ్ళీ మొదటి నుంచి తగ్గేది. "లైన్లన్నీ బిజీ" అని యాంకర్ అంటున్నప్పుడు మేము ఖాళీగా కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి.

ఇంకో విషయం ఎవరూ చెప్పడం లేదు. మిస్డ్ కాల్ ఇస్తే చాలు, వాచీ మీద ఆసక్తి ఉన్న నంబరు ఒకటి దొరికినట్టే. వాచీ వద్దన్నా తర్వాత వేరే ఆఫర్‌తో చేస్తాం, పండక్కి చేస్తాం, కొత్త మోడల్ వస్తే చేస్తాం. వాచీ ఆర్డర్ చేసినవాళ్ళకి ఫోన్ పెట్టేసే ముందు ఇంకో వంద రెండొందలకి ఎక్స్‌ట్రా వారంటీయో, గిఫ్ట్ బాక్సో అంటగట్టాలి. మా ఇన్సెంటివ్ దాని మీదే. పెద్దవాళ్ళు ఫోన్ చేస్తే తొందరగా ఒప్పుకుంటారని ట్రైనింగ్‌లోనే చెప్పారు. నేను మానేయడానికి అదొక్కటే కారణం కాదు గానీ, అదీ ఒకటి.

అల్వాల్ గృహిణి:

అందరూ కలిసి పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు అమాయకులని తేల్చేశారు. మా అత్తగారు టీవీలో చూసి వాచీ కొన్నారు. ఆమె నలభై ఏళ్ళు మోండా మార్కెట్‌లో కూరగాయల బేరమాడిన మనిషి. ఆ ఏడువేల తొమ్మిదొందల అంకె ఆమెకు కనిపించనే కనిపించలేదు. "పదిహేను వందలకి ఈ పని చేస్తుందా, చూడటానికి బాగుందా" అంతే ఆమె లెక్క. ఇప్పటికీ పెళ్ళిళ్ళకి అదే పెట్టుకుంటారు. షోరూమ్‌కి తీసుకెళ్తే అక్కడి సేల్స్ కుర్రాడు ఆమె చీర చూసి చవక ట్రే బయటికి తీశాడు. టీవీ అయితే అందరికీ ఒకే ట్రే చూపిస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ వాసి:

అక్కా, మీ అత్తగారు నమ్మలేదు, సరే. ఎవరూ నమ్మకపోతే ఆ అంకెను అంత పెద్ద అక్షరాల్లో, ప్రతి రెండు నిమిషాలకోసారి ఎందుకు చూపిస్తారు? టీవీలో సెకను సెకనుకీ డబ్బు. పనికిరానిదాన్ని వాళ్ళు ఒక్క క్షణం కూడా తెర మీద ఉంచరు.

అల్వాల్ గృహిణి:

అది మాత్రం ఒప్పుకోవాల్సిందే. కానీ అప్పుడు కూకట్‌పల్లి అన్న షాపు మీద కూడా ఇదే కేసు పెట్టండి మరి.

కూకట్‌పల్లి వ్యాపారి:

😀 నా జోలికి రాకండి తల్లీ.

నాంపల్లి లా స్టూడెంట్:

ఇది ఊరికే అభిప్రాయాల మీద తేలే విషయం కాదు, మన దగ్గర ఉత్తర్వు ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 ఫిబ్రవరిలో నాప్టాల్ అనే టీవీ షాపింగ్ కంపెనీ మీద ఆదేశం ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు, అనుచిత వ్యాపార పద్ధతులకు కలిపి 10 లక్షల రూపాయల జరిమానా. దాంట్లో ఈ చర్చకి పనికొచ్చేవి రెండు. ప్రోగ్రాం ముందే రికార్డు చేసిందని, అది అప్పటికప్పుడు ఉన్న స్టాకును చూపించదని తెర మీద స్పష్టంగా వేయాలి. 30 రోజుల లోపు అదే వస్తువు అదే ధరకు మళ్ళీ దొరికేటట్లయితే "ఈరోజు మాత్రమే" అంటూ కృత్రిమ కొరత సృష్టించడం ఆపేయాలి. పైన టెలికాలర్ గారు చెప్పింది, ఈ ఆదేశం చెప్పింది పక్కపక్కన పెట్టి చదవండి.

2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాడిని బురిడీ కొట్టించే ఎత్తులు) మార్గదర్శకాల్లో 13 రకాల ఎత్తులు పేర్కొన్నారు. లేని తొందర సృష్టించడం అందులో ఒకటి. అవి అమ్మకందారులకూ ప్రకటనకర్తలకూ వర్తిస్తాయి.

కూకట్‌పల్లి వ్యాపారి:

తమ్ముడూ, ఆ ఆదేశం వాచీల మీద కాదు, నగలు, మోకాలి పట్టీ, చెప్పుల ప్రకటనల మీద. పైగా 10 లక్షలు అంటే టీవీలో స్లాట్లు కొనేవాళ్ళకి ఏ మూలకి? నువ్వు చెప్పిన ఆదేశంలో కూడా కొట్టేసిన ఎమ్మార్పీ గురించి ఏమైనా ఉందా?

నాంపల్లి లా స్టూడెంట్:

వస్తువు ఏదైనా ఎత్తు అదే అన్నా, కొరత చూపించే పద్ధతి వాచీకైనా చెప్పుకైనా ఒకటే. రెండోసారి తప్పు చేస్తే జరిమానా 50 లక్షల దాకా వెళ్ళొచ్చు. ప్రచారం చేసిన సెలబ్రిటీకీ శిక్ష ఉంది, ఏడాది దాకా ప్రకటనల్లో కనిపించకుండా నిషేధించొచ్చు. ఎమ్మార్పీ విషయంలో మీరన్నది నిజం. తొందర మీద చట్టం గట్టిగా మాట్లాడింది, ఉబ్బించిన ఎమ్మార్పీ మీద అంత గట్టిగా మాట్లాడలేదు. ధర గురించి తప్పుడు అభిప్రాయం కలిగించడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే, కానీ "ఈ ధరకు ఎవరూ కొనలేదు" అని నిరూపించాల్సింది కొనేవాడే అయిపోతుంది. నన్నడిగితే, కొట్టేసిన ధర చూపించేవాడే గత 30 రోజుల్లో దాన్ని ఆ ధరకు ఎక్కడ అమ్మాడో చూపించాలి.

దిల్‌సుఖ్‌నగర్ వాసి:

నేను మొదట అడిగినదానికి దగ్గరగా వచ్చిన జవాబు ఇదే. ఈ ఒక్క నిబంధన పెడితే కూకట్‌పల్లి అన్నకి కూడా వర్తిస్తుంది, అల్వాల్ అక్క అడిగిన న్యాయమూ జరుగుతుంది.

కూకట్‌పల్లి వ్యాపారి:

పెట్టండి. నేనూ బోర్డు తీసేస్తాను. కానీ పక్క షాపువాడు కూడా తీయాలి.

సైదాబాద్ నుంచి కొత్త సభ్యుడు:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా నాన్నగారు టీవీలో చూసి జంట వాచీలు తెప్పించారు. వచ్చిన రెండు వారాలకే ఒకటి ఆగిపోయింది. కస్టమర్ కేర్ వాళ్ళు రోజూ "రేపు చేస్తాం" అంటున్నారు. టెన్షన్ పడుతున్నారు పెద్దాయన. ఏం చేయాలి?

నాంపల్లి లా స్టూడెంట్:

బిల్లు మీద వాపసు గడువు రాసి ఉందేమో చూడండి. ఏమీ లేకపోతే 30 రోజుల లోపు లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడమే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. కాబట్టి ఫోన్లలో టైం గడిపేయకండి, ఈరోజే మెయిల్ పెట్టండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ముంబైలో ఉన్నా మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. పెట్టె, దాని మీది ఎమ్మార్పీ స్టిక్కరు పారేయకండి. ఆ ప్రోగ్రాం మళ్ళీ వస్తే తేదీ, టైం పడేలా ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి.

కోఠి వాచీ మెకానిక్:

నిజానికి సెల్ అయిపోయి ఉండొచ్చు. గోడౌన్‌లో నెలల తరబడి నడుస్తూనే ఉంటాయి ఇవి, కిరీటం (టైం మార్చడానికి పక్కన తిప్పే గుండీ) బయటికి లాగి, మిషన్ ఆగేలా పిన్ను పెట్టకపోతే అంతే. కొత్త సెల్ పెద్ద ఖర్చేం కాదు. కానీ ఇప్పుడే ఎక్కడా మూత విప్పించకండి. విప్పిన గీత కనిపించిందంటే "బయట రిపేరు చేయించారు, వారంటీ పోయింది" అంటారు. ముందు మెయిల్ పెట్టండి, వాళ్ళు రాతపూర్వకంగా కాదన్నాక తీసుకురండి, చూద్దాం.