ఈదీ అమీన్ డాక్యుమెంటరీ పూర్తి ప్రతి ఎక్కడ దొరుకుతుంది?

నమస్కారం. ఉగాండా నియంత ఈదీ అమీన్ మీద బార్బే ష్రోడర్ 1974లో తీసిన డాక్యుమెంటరీ కోసం చాలా రోజులుగా వెతుకుతున్నాను. కోఠి, అబిడ్స్‌లలో పాత డీవీడీలు అమ్మే చోట్లన్నీ తిరిగాను, లాభం లేకపోయింది.

మా మల్కాజిగిరి వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. భారతీయులు 90 రోజుల్లో దేశం వదలాలని 1972లో అమీన్ ఆదేశించినప్పుడు చిన్న పిల్లవాడిగా అక్కడి నుంచి వచ్చారు. ఆయనతో కూర్చుని ఈ చిత్రం చూడాలని నా కోరిక.

ఇందులో అమీన్ అకార్డియన్ వాయిస్తాడట, సరదాగా మాట్లాడతాడట. అదే మనిషి మంత్రివర్గ సమావేశంలో విదేశాంగ మంత్రిని మందలిస్తాడు. కొన్నాళ్లకే ఆ మంత్రి శవం నైలు నదిలో దొరికింది! ఆ నవ్వు వెనుక ఏముందో నాకు అర్థం కావాలి.

కొన్ని దృశ్యాలు తీసేయమని అమీన్ ఫ్రెంచి పౌరులను బందీలుగా పట్టి బెదిరించాడు కాబట్టి, నాకు కోతలు లేని ప్రతే కావాలి. నగరంలో ఏ ఫిల్మ్ సొసైటీ దగ్గరైనా, గ్రంథాలయంలోనైనా ఉందా? ఇంట్లో పదిమందికి చూపించాలంటే అనుమతి ఎవరిని అడగాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.